శాశ్వత నివాసం, సుదీర్ఘ గైర్హాజరు, పౌరసత్వం: పటాన్‌చెరు నేపథ్యంలో ఒక సమీక్ష

ఒక దేశంలో శాశ్వత నివాస హక్కు పొందిన వ్యక్తి ఆ దేశానికి చాలాకాలం దూరంగా గడిపి, తిరిగి వెళ్లి పౌరసత్వానికి దరఖాస్తు చేస్తే, ఆ గైర్హాజరును చట్టం ఎలా లెక్కిస్తుందన్నది వలస చట్టాల్లోని చిక్కు ప్రశ్నల్లో ఒకటి. శాశ్వత నివాసి అంటే మరో దేశ పౌరుడై ఉండి కూడా గడువు లేకుండా నివసించడానికి, పనిచేయడానికి అనుమతి పొందిన వ్యక్తి. అమెరికా గ్రీన్ కార్డు, కెనడా, ఆస్ట్రేలియాల పీఆర్, బ్రిటన్‌లోని గడువులేని నివాసానుమతి ఈ కోవకు చెందినవే. పౌరసత్వం మాత్రం వీటికి కొనసాగింపుగా దానంతట అదే రాదు. కొన్నేళ్ల నివాసాన్ని తేదీలతో సహా రుజువు చేసుకున్నవారికే వస్తుంది. కార్డు చేతిలో ఉండటమూ, ఆ నేల మీద ఉండటమూ చట్టం దృష్టిలో ఒకటి కావు. ఈ రెండింటి మధ్య ఎడం పెరిగినప్పుడు తలెత్తే చిక్కులను, వాటికి వివిధ దేశాల చట్టాలు చూపిన మార్గాలను, తెలంగాణలోనే పదిహేనేళ్ల పాటు సాగిన ఒక పౌరసత్వ వివాదాన్ని సంగారెడ్డి, పటాన్‌చెరు పారిశ్రామిక ప్రాంతపు పరిస్థితులతో కలిపి సమీక్షించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ప్రాంత నేపథ్యం

హైదరాబాదుకు పడమరగా ముంబయి రహదారి వెంట విస్తరించిన ఈ ప్రాంతం 2016 అక్టోబరు 11న సంగారెడ్డి జిల్లాగా ఏర్పడక ముందు మెదక్ జిల్లాలో భాగం. రామచంద్రాపురంలో బీహెచ్‌ఈఎల్, 1972లో పటాన్‌చెరు వద్ద నెలకొన్న అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధనా సంస్థ ఇక్రిశాట్, ఆ తరువాత పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం, కాజీపల్లి, గడ్డపోతారం పారిశ్రామిక వాడల్లో వెలసిన మందుల, రసాయనాల కర్మాగారాలు, 2008లో మొదలై కంది వద్ద స్థిరపడిన ఐఐటీ హైదరాబాదు ఇక్కడి జీవనాన్ని ప్రపంచంతో ముడివేశాయి. అందువల్ల శాశ్వత నివాసమూ గైర్హాజరూ అన్న ప్రశ్న ఇక్కడ మూడు రకాల కుటుంబాలను తాకుతుంది. విదేశాల్లో చదివి గ్రీన్ కార్డో పీఆరో సంపాదించి, తల్లిదండ్రుల అనారోగ్యం వల్లో ఇక్కడి కంపెనీలో మంచి ఉద్యోగం వల్లో తిరిగివచ్చిన రసాయన శాస్త్రవేత్తలు, ఇంజినీర్లు మొదటి రకం. అమెరికా పౌరులైన పిల్లలు స్పాన్సర్ చేయగా గ్రీన్ కార్డు పొంది, ఏడాదిలో సగానికి పైగా స్వగృహంలోనే గడిపే విశ్రాంత ఉద్యోగులు రెండో రకం. విదేశీ పౌరసత్వం తీసుకున్న తరువాత సొంత ఊరికి చేరి, తిరిగి భారత పౌరులు కావాలనుకునేవారు మూడో రకం. వీరందరినీ చట్టం అడిగే ప్రశ్న ఒక్కటే: ఇన్నాళ్లూ మీరు నిజంగా ఎక్కడ నివసించారు?

విడిగా చూడవలసిన మూడు ప్రశ్నలు

ఈ విషయంలో వినిపించే అపోహల్లో చాలావరకు మూడు వేర్వేరు ప్రశ్నలను ఒకటిగా కలిపేయడం వల్ల పుట్టినవే. సుదీర్ఘ గైర్హాజరు తరువాత శాశ్వత నివాస హోదా మిగిలి ఉందా లేదా అన్నది మొదటి ప్రశ్న. హోదా మిగిలినా, పౌరసత్వానికి కావలసిన నివాస కాలం లెక్క నిలిచి ఉందా, తెగిపోయిందా అన్నది రెండోది. ఆ లెక్కను పూర్తిగా చెప్పకుండా పౌరసత్వం పొందితే అది తరువాత నిలుస్తుందా అన్నది మూడోది. మొదటిదానికి ఉద్దేశం ప్రధానం, రెండోదానికి తేదీలు ప్రధానం, మూడోదానికి సత్యం ప్రధానం. ఒక ప్రశ్నకు వచ్చిన అనుకూలమైన జవాబును మరో ప్రశ్నకు కూడా వర్తింపజేసుకున్నవారే ఎక్కువగా నష్టపోతారు.

అమెరికా: హోదా నిలవడం

అమెరికా చట్టం ప్రకారం గ్రీన్ కార్డుదారు విదేశంలో తాత్కాలికంగా ఉండి తిరిగివస్తే శాశ్వత నివాసిగానే కొనసాగుతారు. ఏది తాత్కాలికం అన్నదానికి చట్టం రోజుల్లో గీత గీయలేదు. ప్రయాణానికి కారణం ఏమిటి, అది ఎప్పటికి ముగుస్తుందని అనుకున్నారు, ఇల్లు, ఉద్యోగం, కుటుంబం, బ్యాంకు ఖాతాలు, పన్ను పత్రాలు ఏ దేశంలో ఉన్నాయి అన్న అంశాలను కలిపి చూసి అధికారులు నిర్ణయిస్తారు. 1988లో హువాంగ్ కేసులో వలస అప్పీళ్ల బోర్డు ఈ దృష్టినే అనుసరించింది. అయితే వరుసగా 180 రోజులు మించి బయట ఉన్న వ్యక్తిని తిరిగి ప్రవేశం కోరుతున్నవారిగా పరిగణించి ప్రశ్నించే అధికారం సరిహద్దు అధికారులకు ఉంది. ఏడాది దాటితే మామూలుగా కార్డు ఒక్కటే ప్రవేశ పత్రంగా చెల్లదు.

ఏడాదికి మించి బయట ఉండవలసి వస్తుందని ముందే తెలిసినవారికి రీ-ఎంట్రీ పర్మిట్ అనే పత్రం ఉంది. ఐ-131 ఫారంతో, అమెరికాలో ఉండగానే దరఖాస్తు చేసుకుంటే సాధారణంగా 2 సంవత్సరాల వరకు తిరిగి ప్రవేశించే వీలు కలుగుతుంది. ఆ అనుమతి లేకుండా ఏడాది దాటినవారు, లేదా దాని గడువు కూడా మించిపోయినవారు, తిరిగి వెళ్లాలన్న ఉద్దేశాన్ని తామెన్నడూ వదులుకోలేదనీ, ఆలస్యం తమ చేతుల్లో లేని కారణాల వల్ల జరిగిందనీ చూపగలిగితే అమెరికా కాన్సులేట్ ద్వారా ఎస్‌బీ-1 అనే తిరుగు నివాసి వీసా కోరవచ్చు. 2020 మార్చి 23న అంతర్జాతీయ ప్రయాణ విమానాలు ఆగిపోయి, సాధారణ సర్వీసులు 2022 మార్చి 27న గానీ పునరుద్ధరణ కాకపోవడంతో, చేతుల్లో లేని కారణం అంటే ఏమిటో ఆ రెండేళ్లలో చాలా కుటుంబాలకు అనుభవంలోకి వచ్చింది. కానీ విమానాలు తిరిగిన తరువాత కూడా ఇక్కడి ఉద్యోగంలో కొనసాగినవారికి ఆ కారణం ఎంతోకాలం అక్కరకు రాదు.

అమెరికా: లెక్క నిలవడం

పౌరసత్వం కోసం ఎన్-400 దరఖాస్తు చేసేవారు గ్రీన్ కార్డు వచ్చాక 5 సంవత్సరాలు, అమెరికా పౌరుని జీవిత భాగస్వామిగా కలిసి జీవిస్తున్నవారైతే 3 సంవత్సరాలు, నిరంతర నివాసం చూపాలి. దీనికి తోడు ఆ కాలంలో కనీసం సగం, అంటే 5 ఏళ్ల కోవలో 30 నెలలు, 3 ఏళ్ల కోవలో 18 నెలలు, శారీరకంగా ఆ దేశంలో ఉండాలి. ఈ రెండు షరతులూ వేర్వేరు. మొదటిది నివాసం తెగకుండా సాగిందా అని అడుగుతుంది. రెండోది రోజులను కూడుతుంది. ఒకదాన్ని నెరవేర్చినంత మాత్రాన మరొకటి నెరవేరదు.

నిరంతరతకు చట్టం మూడు అంచెలు పెట్టింది. ఒక్కో ప్రయాణం 6 నెలలకు లోబడి ఉంటే సాధారణంగా నిరంతరత తెగదు. 6 నెలలు దాటి ఏడాదిలోపు ఉంటే తెగినట్టు భావిస్తారు గానీ, అక్కడి ఉద్యోగం వదులుకోలేదనీ, కుటుంబం అక్కడే ఉందనీ, ఇంటిని అట్టే పెట్టుకున్నారనీ, విదేశంలో ఉద్యోగంలో చేరలేదనీ ఆధారాలు చూపి ఆ భావనను తొలగించుకోవచ్చు. ఏడాది లేదా అంతకు మించితే నిరంతరత తెగినట్టే. ఎంత బలమైన కారణం చెప్పినా అధికారికి దాన్ని మన్నించే అధికారం లేదు. పాశమైలారంలోని ఒక కర్మాగారంలో ఉద్యోగం తీసుకుని 8 నెలలు గడిపిన వ్యక్తికీ, తల్లికి శస్త్రచికిత్స జరిగిందని సెలవు పెట్టి వచ్చి 8 నెలలు గడిపిన వ్యక్తికీ రోజుల లెక్క ఒకటే అయినా, రెండో అంచెలో వారి దారులు వేరవుతాయి.

ఎక్కువమందిని తప్పుదారి పట్టించేది రీ-ఎంట్రీ పర్మిట్. అది హోదాను కాపాడుతుంది గానీ పౌరసత్వపు లెక్కను కాపాడదు. ఉదాహరణకు ఒక గ్రీన్ కార్డుదారు పర్మిట్ తీసుకుని 2022 మార్చి 1న అమెరికా విడిచి, 18 నెలలు పటాన్‌చెరులో పనిచేసి, 2023 సెప్టెంబరు 1న తిరిగి వెళ్లారనుకుంటే, వారి హోదా నిలిచినా అంతకుముందు గడిచిన ఏళ్లు లెక్కకు రావు. నిబంధనల ప్రకారం తిరిగివచ్చాక 4 సంవత్సరాల 1 రోజుకు, అంటే 2027 సెప్టెంబరు 2న, దరఖాస్తు చేసే వీలుంటుంది. ఆ రోజు నుంచి వెనక్కి లెక్కించే 5 ఏళ్లలో పడే గైర్హాజరు ఏడాదికి ఒక్కరోజైనా తగ్గుతుంది కనుక ఆ వెసులుబాటు కలుగుతుంది. కానీ అది 6 నెలలు దాటినదే కాబట్టి, నిరంతరత తెగిందన్న భావనను తొలగించుకునే భారం అప్పటికీ ఉంటుంది. ఇక్కడ ఉద్యోగం చేసినవారికి అది సులభం కాదు. మరో 6 నెలలు ఆగి 2028 మార్చి 2 నాటికి దరఖాస్తు చేస్తే, 5 ఏళ్ల పరిధిలో పడే గైర్హాజరు 6 నెలలకు మించదు. ఆ భారం కూడా తొలగుతుంది. 3 ఏళ్ల కోవలోని వారికి ఇదే సూత్రం 2 సంవత్సరాల 1 రోజుగా వర్తిస్తుంది. కాబట్టి సుదీర్ఘ గైర్హాజరు పౌరసత్వానికి శాశ్వతమైన అడ్డు కాదు. లెక్కను మళ్లీ మొదలుపెట్టించేది మాత్రమే.

అయితే ఎన్-400 దరఖాస్తు పాత ప్రశ్నను తిరిగి తెరుస్తుంది. విమానాశ్రయంలో అధికారి ఏమీ అడగకుండా లోనికి పంపినంత మాత్రాన హోదా ప్రశ్న పరిష్కారమైనట్టు కాదు. పౌరసత్వ అధికారి ప్రయాణాలన్నింటినీ పరిశీలించి, ఆ 18 నెలల కాలంలో వ్యక్తి అమెరికా నివాసాన్నే వదులుకున్నారని తేల్చితే, దరఖాస్తు తిరస్కరణతో ఆగకుండా గ్రీన్ కార్డు మీదే విచారణ మొదలుకావచ్చు. ఆ కాలానికి అమెరికా ఆదాయపు పన్ను పత్రాల్లో తాము అక్కడ నివాసులు కామని ప్రకటించుకున్నవారి మీద ఈ అనుమానం మరింత బలపడుతుంది, ఎందుకంటే పన్ను తగ్గింపు కోసం చేసిన ఆ ప్రకటనను శాశ్వత నివాస హోదాను వదులుకున్నట్టుగా భావించే వీలును నిబంధనలే కల్పించాయి.

ఉద్యోగ మినహాయింపు, పారిశ్రామిక వాడలు

ఉద్యోగరీత్యా బయట ఉండేవారికి అమెరికా చట్టంలో ఒక మినహాయింపు ఉంది. గ్రీన్ కార్డు పొందాక కనీసం ఒక ఏడాది విరామం లేకుండా అమెరికాలో ఉన్న వ్యక్తి, గైర్హాజరు ఏడాది నిండకముందే ఎన్-470 అనే దరఖాస్తు చేసి ఆమోదం పొందితే, ఆ గైర్హాజరు నిరంతరతను తెంచదు. అయితే ఉద్యోగం అమెరికా ప్రభుత్వంలో గానీ, గుర్తింపు పొందిన అమెరికా పరిశోధనా సంస్థలో గానీ, అమెరికా విదేశీ వాణిజ్యాభివృద్ధిలో పాల్గొనే అమెరికా కంపెనీలో లేదా అది సగానికి మించి వాటా కలిగిన అనుబంధ కంపెనీలో గానీ, అమెరికా ఒప్పందం ద్వారానో చట్టం ద్వారానో సభ్యురాలైన అంతర్జాతీయ సంస్థలో గానీ ఉండాలి. ప్రభుత్వోద్యోగులకు తప్ప, కంపెనీల్లో పనిచేసేవారికి 30 నెలల శారీరక నివాసపు షరతు అప్పటికీ తప్పదు.

ఈ షరతులను పటాన్‌చెరు ప్రాంతానికి అన్వయిస్తే భ్రమలు తొలగుతాయి. ఇక్కడి మందుల కర్మాగారాల్లో అనేకం అమెరికా మార్కెట్ కోసమే ఉత్పత్తి చేస్తాయి. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ తనిఖీ బృందాలు వాటికి వస్తూ ఉంటాయి. అయినా యాజమాన్యం భారతీయమైతే అందులో ఉద్యోగం ఈ మినహాయింపు కిందకు రాదు, ఎందుకంటే చట్టం చూసేది సరుకు ఎటు వెళుతుందన్నది కాదు, వాటా ఎవరిదన్నది. అలాగే ఇక్రిశాట్ అంతర్జాతీయ సంస్థ కనుక అందులో పనిచేస్తే సరిపోతుందనుకోవడమూ తొందరపాటే. సంస్థ అంతర్జాతీయమైతే చాలదు. అందులో అమెరికా సభ్యత్వం చట్టం చెప్పిన రూపంలో ఉండాలి, ఆ ఉద్యోగంలో చేరడం గ్రీన్ కార్డు వచ్చిన తరువాతే జరిగి ఉండాలి. ఈ రెండింటినీ ఉద్యోగంలో చేరకముందే లిఖితపూర్వకంగా తేల్చుకోవలసి ఉంటుంది.

తల్లిదండ్రుల గ్రీన్ కార్డులు

21 ఏళ్లు నిండిన అమెరికా పౌరులు తల్లిదండ్రులను స్పాన్సర్ చేసినప్పుడు వార్షిక పరిమితి వర్తించదు కనుక, విశ్రాంత ఉద్యోగులకు గ్రీన్ కార్డు రావడం ఉద్యోగార్థులకంటే తేలిక. ఆరు నెలలకోసారి వెళ్లి వస్తే చాలు, కార్డు ఎక్కడికీ పోదన్న మాట వీరిలో బాగా వినిపిస్తుంది. ఈ మాటలో సగమే నిజం. 6 నెలల లోపు ప్రయాణం నిరంతరతను తెంచకపోవచ్చు గానీ, ఏడాదికి 7 నెలలు ఇక్కడ, 5 నెలలు అక్కడ గడిపే దంపతులకు 5 ఏళ్లలో అమెరికాలో పోగయ్యేది 25 నెలలే. కావలసిన 30 నెలలకు అది చాలదు. ఇక 5 నెలలకోసారి వెళ్లి 2 వారాలు ఉండి తిరిగివచ్చేవారి విషయంలో ప్రశ్న లెక్కను దాటి హోదాను తాకుతుంది: వీరు అమెరికాలో నివసిస్తూ భారత్‌ను సందర్శిస్తున్నారా, భారత్‌లో నివసిస్తూ అమెరికాను సందర్శిస్తున్నారా అని అధికారి అడిగితే, పాస్‌పోర్టులోని ముద్రలే జవాబు చెబుతాయి.

భాషా పరీక్ష మినహాయింపులు కూడా ఈ కాలంతోనే ముడిపడి ఉన్నాయి. 50 ఏళ్లు దాటి 20 సంవత్సరాలు, 55 ఏళ్లు దాటి 15 సంవత్సరాలు శాశ్వత నివాసిగా అమెరికాలో ఉన్నవారు ఇంగ్లీషు పరీక్ష లేకుండా, పౌరశాస్త్ర పరీక్షను తమ భాషలో దుభాషి సహాయంతో ఇవ్వవచ్చు. 65 ఏళ్లు దాటి 20 సంవత్సరాలు ఉన్నవారికి ప్రశ్నలు ఇంకా తగ్గుతాయి. తెలుగు తప్ప మరో భాషలో తడుముకునే వృద్ధులకు ఇది పెద్ద ఊరట. కానీ ఆ ఏళ్లను అమెరికాలో గడిపిన కాలంగానే లెక్కిస్తారు కనుక, కార్డు మీద ఉన్న తేదీని చూసి 15 ఏళ్లు నిండాయనుకోవడం సరికాదు. పౌరసత్వం అక్కరలేదు, కార్డు కూడా భారమే అనుకునే తల్లిదండ్రులకు ఐ-407 ఫారంతో దాన్ని స్వచ్ఛందంగా వదులుకుని, సందర్శకుల వీసా కోరే దారి ఉంది. ఏటా అనుమానాల మధ్య ప్రయాణించడం కన్నా కొందరికి అదే మేలు.

ఇతర దేశాల పద్ధతులు

కెనడా చట్టం నిరంతరత అన్న భావనను పక్కనపెట్టి రోజులనే నమ్ముకుంది. దరఖాస్తుకు ముందు 5 ఏళ్లలో 1,095 రోజులు శారీరకంగా దేశంలో ఉంటే చాలు. పీఆర్ రాకముందు చట్టబద్ధంగా గడిపిన రోజులను సగం చొప్పున, గరిష్ఠంగా 365 రోజుల వరకు కలుపుకోవచ్చు. పీఆర్ నిలుపుకోవడానికి 5 ఏళ్లలో 730 రోజులు కావాలి. ఈ 730 రోజుల్లోకి కెనడా కంపెనీ తరఫున విదేశంలో పూర్తికాలం పనిచేసిన రోజులు, కెనడా పౌరుడైన జీవిత భాగస్వామితో కలిసి విదేశంలో గడిపిన రోజులు కూడా వస్తాయి. కానీ అవే రోజులు పౌరసత్వపు 1,095లోకి సాధారణంగా రావు. హోదాను నిలిపే కాలం వేరు, పౌరసత్వాన్ని తెచ్చే కాలం వేరు అన్న సూత్రం ఇక్కడ అంకెల్లోనే స్పష్టంగా కనిపిస్తుంది.

ఆస్ట్రేలియాలో దరఖాస్తుకు ముందు 4 సంవత్సరాలు చట్టబద్ధ నివాసం, అందులో చివరి 12 నెలలు శాశ్వత నివాసిగా ఉండటం అవసరం. 4 ఏళ్లలో మొత్తం గైర్హాజరు 12 నెలలు, చివరి ఏడాదిలో 90 రోజులు మించకూడదు. అక్కడ పీఆర్ వీసాపై స్వేచ్ఛగా వెళ్లి వచ్చే వీలు 5 ఏళ్లకే ఉంటుంది. ఆ తరువాత తిరుగు నివాసి వీసా తీసుకోవాలి. బ్రిటన్‌లో 5 ఏళ్ల కోవలో మొత్తం 450 రోజులు, చివరి ఏడాదిలో 90 రోజులు గైర్హాజరుకు పరిమితి. గడువులేని నివాసానుమతి ఉన్నవారు వరుసగా 2 సంవత్సరాలు మించి బయట ఉంటే ఆ అనుమతే రద్దవుతుంది. జర్మనీలో మామూలు శాశ్వత నివాస అనుమతి 6 నెలలు మించి బయట ఉంటే సాధారణంగా పోతుంది. ఆ దేశం 2024 జూన్ నుంచి నివాస కాలాన్ని 5 సంవత్సరాలకు తగ్గించి ద్వంద్వ పౌరసత్వాన్ని అనుమతించినా, భారత చట్టం దాన్ని ఒప్పుకోదు కనుక తెలుగువారికి ఆ రెండో సౌకర్యం అందదు.

తిరుగు ప్రయాణం: భారత చట్టం

గ్రీన్ కార్డు ఉన్నంతకాలం వ్యక్తి భారత పౌరుడే. 2010 సవరణతో ప్రజాప్రాతినిధ్య చట్టంలో చేరిన సెక్షన్ 20ఏ కింద ప్రవాస ఓటరుగా నమోదు కావచ్చు. విదేశీ పౌరసత్వం స్వచ్ఛందంగా తీసుకున్న క్షణంలో మాత్రం 1955 పౌరసత్వ చట్టం సెక్షన్ 9 ప్రకారం భారత పౌరసత్వం ముగుస్తుంది. ఆ తరువాత తీసుకునే ఓసీఐ కార్డు జీవితకాల వీసా వంటిదే. దానితో ఓటు హక్కు రాదు, చట్టసభకు పోటీ చేసే అర్హత రాదు, వ్యవసాయ భూమి కొనే వీలు లేదు. సంగారెడ్డి చుట్టుపక్కల పొలం ఉన్న కుటుంబాలకు ఈ చివరి నిబంధన చిన్నది కాదు.

తిరిగి భారత పౌరసత్వం కోరేవారికి రెండు ప్రధాన మార్గాలున్నాయి. తాము గానీ తల్లిదండ్రుల్లో ఒకరు గానీ స్వతంత్ర భారత పౌరులై ఉండినవారు సెక్షన్ 5(1)(ఎఫ్) కింద, 5 సంవత్సరాలుగా ఓసీఐ కార్డుదారులైనవారు సెక్షన్ 5(1)(జి) కింద నమోదు కోరవచ్చు. రెండింటిలోనూ దరఖాస్తుకు ముందు 12 నెలలు భారత్‌లో సాధారణ నివాసిగా ఉండాలి. సాధారణ నివాసం అంటే స్థిరంగా బతుకు సాగే చోటు. 2015కు ముందు ఈ 12 నెలల్లో విరామానికి స్పష్టమైన సడలింపు ఉండేది కాదు. ఆ ఏటి సవరణతో ప్రత్యేక పరిస్థితులను లిఖితపూర్వకంగా నమోదు చేసి, విడివిడిగా అయినా సరే మొత్తం 30 రోజుల వరకు గైర్హాజరును మన్నించే అధికారం కేంద్రానికి వచ్చింది. దరఖాస్తు జిల్లా కలెక్టరు ద్వారా రాష్ట్ర ప్రభుత్వానికి, అక్కడి నుంచి కేంద్ర హోం శాఖకు చేరుతుంది.

నమోదు ద్వారా వచ్చిన పౌరసత్వానికి భారత చట్టంలోనూ గైర్హాజరు ముప్పు ఉంది. సెక్షన్ 10(2)(ఇ) ప్రకారం అలాంటి పౌరులు వరుసగా 7 సంవత్సరాలు విదేశంలో సాధారణ నివాసిగా ఉంటే పౌరసత్వాన్ని తొలగించవచ్చు. విద్యార్థులకు, భారత ప్రభుత్వ లేదా భారత్ సభ్యురాలైన అంతర్జాతీయ సంస్థల ఉద్యోగులకు, పౌరసత్వం నిలుపుకునే ఉద్దేశాన్ని ఏటా భారత కాన్సులేట్‌లో నమోదు చేసుకున్నవారికి మినహాయింపు ఉంది. తిరిగి భారత పౌరులై, మళ్లీ పిల్లల దగ్గరకు వెళ్లి స్థిరపడేవారు ఈ ఏటేటి నమోదును మరవరాదు.

వేములవాడ వివాదం

గైర్హాజరు మీద తెలుగునాట నడిచిన అతి ముఖ్యమైన పౌరసత్వ వివాదం సంగారెడ్డిది కాదు, వేములవాడది. చెన్నమనేని రమేశ్ జర్మనీలో స్థిరపడి 1993లో ఆ దేశ పౌరసత్వం పొందారు. 2008 మార్చి 31న సెక్షన్ 5(1)(ఎఫ్) కింద భారత పౌరసత్వానికి దరఖాస్తు చేయగా, 2009 ఫిబ్రవరి 3న అది మంజూరైంది. అదే ఏడాది వేములవాడ నుంచి శాసనసభకు ఎన్నికయ్యారు. దరఖాస్తుకు ముందటి ఏడాదిలో ఆయన నిరంతరంగా భారత్‌లో లేరనీ, ఆ సంగతి దాచారనీ ఆయన ప్రత్యర్థి ఆది శ్రీనివాస్ హోం శాఖకు ఫిర్యాదు చేశారు. 2013 ఆగస్టులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆయన ఎన్నికను రద్దు చేసింది. సుప్రీంకోర్టు స్టేతో ఆయన పదవిలో కొనసాగారు.

సెక్షన్ 10 ప్రకారం విచారణ సంఘం నివేదిక తరువాత 2017 ఆగస్టు 31న హోం శాఖ ఆయన పౌరసత్వాన్ని రద్దు చేసింది. 2019 జులైలో తెలంగాణ హైకోర్టు ఆ ఉత్తర్వును పక్కనపెట్టి, పౌరసత్వంలో కొనసాగడం ప్రజాహితానికి భంగకరమా అన్న సెక్షన్ 10(3) ప్రశ్నను పరిశీలించి మళ్లీ నిర్ణయించమంది. చట్టంలో ఈ రక్షణ ముఖ్యమైనది; మోసం లేదా దాపరికం రుజువైనా పౌరసత్వం దానంతట అదే పోదు, ప్రజాహితం అన్న రెండో గడప కూడా దాటాలి. 2019 నవంబరు 20న హోం శాఖ ఆ పరిశీలన చేసి, నివాస వాస్తవం వెల్లడై ఉంటే పౌరసత్వం మంజూరయ్యేదే కాదని చెబుతూ తిరిగి రద్దు చేసింది. 2024 డిసెంబరు 9న హైకోర్టు ఆయన పిటిషన్‌ను కొట్టివేసింది. జర్మనీ పౌరసత్వం వదులుకున్నట్టు ఆ దేశ రాయబార కార్యాలయం నుంచి ధ్రువపత్రం చూపలేకపోయారని గమనించి, 30 లక్షల రూపాయల ఖర్చులు విధించింది. అందులో 25 లక్షలు ఆది శ్రీనివాస్‌కు, 5 లక్షలు రాష్ట్ర న్యాయసేవల సంస్థకు చెల్లించమంది.

ఈ వివాదంలో పార్టీల పోరు, ఎన్నికల లెక్కలు కలిసి ఉన్నా, చట్టపరమైన సారం సూటిగానే ఉంది. ఒక ఏడాది ఆగి, ఇక్కడే నివసించి దరఖాస్తు చేసి ఉంటే నివాసం మీద ఫిర్యాదుకు తావుండేది కాదు. తొందరపాటు వల్ల మిగిలిన కాలం ఏడాది లోపే. దాని మీద వ్యాజ్యం పదిహేనేళ్లు నడిచింది.

దాపరికం, దాని పర్యవసానం

ఈ సూత్రం భారత్‌కే పరిమితం కాదు. వాస్తవాన్ని దాచి లేదా ఉద్దేశపూర్వకంగా తప్పు చెప్పి పొందిన పౌరసత్వాన్ని రద్దు చేసే అధికారం అమెరికా చట్టంలోనూ ఉంది. సివిల్ దావాకు కాలపరిమితి లేదు. 2017లో మాస్లెన్‌యాక్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు, క్రిమినల్ కేసు ద్వారా పౌరసత్వం తీసివేయాలంటే చెప్పిన అబద్ధం పౌరసత్వం పొందడంలో పాత్ర వహించి ఉండాలని స్పష్టం చేసింది. చిన్నా చితకా పొరపాట్లకు ఇది రక్షణే. కానీ నివాస కాలం పౌరసత్వానికి మూల అర్హత కనుక, ఏడాది దాటిన గైర్హాజరును దాచడం ఆ రక్షణలోకి రావడం కష్టం. ప్రయాణ వివరాలు విమాన సంస్థల జాబితాల్లో, రెండు దేశాల వలస శాఖల కంప్యూటర్లలో నిలిచి ఉండే కాలంలో, దరఖాస్తులో రాయని ప్రయాణం బయటపడదనుకోవడం వివేకం కాదు.

పోల్చి చూస్తే, దేశాల చట్టాలు గైర్హాజరును శిక్షించడం లేదు; లెక్కలోంచి మినహాయిస్తున్నాయి, లేదా లెక్కను తిరిగి మొదలుపెట్టిస్తున్నాయి. కెనడా పద్ధతి స్పష్టమైనది, ఎవరైనా తమంతట తాము లెక్కించుకోగలిగినది. అమెరికా పద్ధతి కుటుంబ పరిస్థితులకు కొంత చోటిచ్చినా, హోదా, నిరంతరత, శారీరక నివాసం అన్న మూడు కొలతలను పక్కపక్కనే పెట్టి సామాన్యులను తికమక పెడుతుంది. భారత పద్ధతి 2015 తరువాత కొంత మెత్తబడినా, 30 రోజుల సడలింపు విదేశాల్లో పిల్లలున్న కుటుంబాలకు చాలా తక్కువ. దాన్ని పెంచే విషయాన్ని పార్లమెంటు పరిశీలించవలసి ఉంది.

దరఖాస్తుదారులు చేయవలసిన పని మాత్రం ఎక్కడైనా ఒకటే. పాత పాస్‌పోర్టులను పారేయకూడదు; ప్రతి ప్రయాణపు వెళ్లిన తేదీ, వచ్చిన తేదీ, కారణం రాసి ఉంచుకోవాలి; ఇక్కడ ఉద్యోగంలో చేరేముందే దాని ప్రభావాన్ని వలస న్యాయవాదితో తేల్చుకోవాలి; పన్ను పత్రాల్లో ఒక మాట, పౌరసత్వ దరఖాస్తులో మరో మాట చెప్పకూడదు; లెక్క చాలకపోతే ఆగాలి. సుదీర్ఘ గైర్హాజరు పౌరసత్వాన్ని ఆలస్యం చేస్తుంది; దాచిన గైర్హాజరు చేతికి వచ్చిన పౌరసత్వాన్ని కూడా నిలవనివ్వదు.